మేడమీద అప్ప, సొర, నా భయం

మొన్న పొద్దున్న గాజువాక నుంచి మా పాత ఇంటి ఓనరు ఫోన్ చేసి, "మేడమీద అప్ప పోనాది బావా" అన్నాడు. ఆ మాట చెవిన పడగానే నేను చేసిన మొదటి పని ప్యాంటు పైకి లాగి ఎడమ పిక్క చూసుకోవడం. పళ్లు దిగిన మచ్చలు అక్కడే ఉన్నాయి. ఏడుపు ఆ తర్వాత వచ్చింది. మనిషి పోతే ఎవరికైనా ముందు ముఖం గుర్తొస్తుంది. నాకు ముందు భయం గుర్తొచ్చింది. ఆమెను తలుచుకోవడం నాకు ఇంకోలా చేతకాదు.

ఆయాసంతో కొన్నాళ్లు మంచం పట్టిందట. మరి ఆమె పెంచిన కుక్కల సంగతేమిటని అడిగాను. అన్నిటికీ ఇళ్లు దొరికాయని, ఒకదాన్ని తనే ఉంచుకున్నానని ఓనరు కాస్త సిగ్గుపడుతూ చెప్పాడు.

నాకు కుక్కలంటే భయం. తాడును చూసి పామనుకునే వాళ్లు లోకంలో చాలామంది ఉంటారు. నేను చెత్తకుప్ప పక్కన గోనెసంచిని చూసి కుక్కనుకుని వీధి మారిన వాడిని. అలాంటి వాడిని, పోర్టు దగ్గర ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం దొరికిందని గాజువాకలో గది అద్దెకు తీసుకుంటే, మేడమీద ఎవరుంటారో, ఎన్ని కాళ్లతో ఉంటారో ఒక్కరూ చెప్పలేదు.

చేరిన మర్నాడే నా బూటు ఒకటి మాయమైంది. కుడికాలిది. ఎడమకాలిది గుమ్మంలోనే భద్రంగా ఉంది. కింది వాటా ఆవిడ చీపురు ఆపకుండానే, "మేడెక్కు బాబూ, అక్కడుంటాది" అంది. వెళ్లాను. నీళ్ల ట్యాంకు కింద నీడలో చెప్పులు, బూట్లు, ఒక రబ్బరు స్లిప్పరు, అన్నీ కుడికాలివే, కుప్పగా ఉన్నాయి. వాటి మధ్య పిడికెడంత కుక్క ఒకటి గడ్డం నా బూటు మీద ఆన్చి నిద్రపోతోంది. ఆ పక్కన గోడకు చేరగిలబడి ఒక పెద్దావిడ అడ్డచుట్ట కాలుస్తోంది. నిప్పున్న కొస నోటి లోపల పెట్టుకుని, పెదవులు మూసి, ముక్కులోంచి పొగ వదులుతోంది. నేను మెట్ల మీదే కర్రలా బిగుసుకుపోయాను.

"రా తమ్ముడూ, బయపడకు. ఆరు సెప్పులే తింటారు, కాల్లు తినరు."

ఆ 'ఆరు' ఎవరో నాకు వెంటనే అర్థం కాలేదు. తర్వాత తెలిసింది, కుక్క. అప్ప మనుషులందరినీ నువ్వనే పిలిచేది. ఓనరునీ నువ్వే, కరెంటు బిల్లు తెచ్చినవాడినీ నువ్వే. ఒకసారి వార్డు ఎన్నికల్లో ఓట్లడగడానికి వచ్చిన పెద్దమనిషిని కూడా "నువ్వు మొన్న కూడా ఇలగే ఒచ్చినావు గదేటి" అంది. కుక్కల్ని మాత్రం మీరు, రండి, తినండి. ఎందుకలా అని అడిగితే, "మనుసులకి మరేద ఎవులో ఒకలు ఇత్తారు తమ్ముడూ. ఈరికెవులిత్తారు?" అంది.

ఆమె పేరు రేషన్ కార్డులో ఏదో ఉండే ఉంటుంది. వీధి మొత్తానికి ఆమె అప్ప, అంటే అక్క. సముద్రం ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి. గాజువాక మార్కెట్లో ఎండుచేపలు అమ్మేది. పొద్దున్నే ఫిషింగ్ హార్బరుకు వెళ్లి పచ్చిచేపల తలకాయలు కుక్కలకని అడిగి తెచ్చేది. ఆమె మెట్లు ఎక్కుతోందంటే ఆ వాసనకు మా గదుల్లో అందరం కిటికీలు మూసేవాళ్లం, పైన మాత్రం పండగ మొదలయ్యేది. కుక్కలకు చేపల పేర్లే పెట్టింది. లారీ కింద కాలు పోగొట్టుకుని మూడు కాళ్లతో మిగిలిన లావుపాటిది పండుగప్ప. మురిక్కాలవలోంచి తీసిన చెప్పుల దొంగ నెత్తలి.

పండుగప్పకు షేర్ ఆటో అంటే ప్రాణం. అప్ప మార్కెట్‌కు బయల్దేరితే మూడు కాళ్లతో వీధి చివరిదాకా గెంతుకుంటూ వెళ్లి, ఆమె కంటే ముందే ఆటోలో ఎక్కి కూర్చునేది. లోపలున్న ఆడవాళ్లు కాళ్లు సీటు మీదికి లాక్కునేవారు. "దీనికి సీటేటప్పా?" అని డ్రైవరు మొత్తుకుంటే, "ఆరు నా ఒళ్లో కూకుంటారు, నీ సీటు నీకే ఉంటాది" అనేది. ఆ ఒళ్లో అప్ప మోకాళ్లు కూడా కనబడేవి కావు. నేను ఆ ఆటో వెళ్లిపోయేదాకా కిరాణా కొట్లో నిలబడి, అక్కర్లేని అగ్గిపెట్టెలు కొనేవాడిని.

నా భయాన్ని చూసి అందరూ నవ్వేవారు, అప్ప మాత్రం నవ్వేది కాదు. "కుక్కకి కోపం నేదు తమ్ముడూ. కోపమనీసి మనం అనుకుంటాం. అదంతా బయమే" అనేది.

"నాదీ భయమే కదప్పా, నేనెవర్నీ కరవడం లేదే."

"నీకు పళ్లున్నాయి గానీ దమ్ము నేదు."

దమ్ము లేనివాడు ఉపాయం వెతుక్కుంటాడు. గేటు దాటిన దగ్గర్నుంచి గది తలుపు వేసుకునేదాకా హెల్మెట్ తీయకూడదని నేను నిర్ణయించుకున్నాను. కుక్క మీదికి దూకితే కనీసం తల దక్కుతుందని లెక్క. కుక్కలు తలకాయలు కరవవని ఓనరు చెప్పినా వినలేదు.

సొర వచ్చింది అప్పుడే. పాత ఇనుము కొట్టు వెనకనుంచి అప్ప దాన్ని మోసుకొచ్చింది. గోధుమరంగు కుక్క. వీపు మీద ఎవరో సలసల కాగే నీళ్లు పోస్తే అక్కడ బొచ్చు లేక తోలు మాత్రమే మెరుస్తోంది. పేరు సొర అని పెట్టింది గానీ, దానంత పిరికిదాన్ని నేను అద్దంలో తప్ప చూడలేదు. చీపురు ఎత్తితే వణుకు, గొడుగు విప్పితే వణుకు. నా హెల్మెట్ చూస్తే ట్యాంకు కిందికి దూరి ఒకటే ఏడుపు. "ఆ ఇనపబుర్ర తీసీ తమ్ముడూ, ఆరు జడుసుకుంటన్నారు" అని అప్ప రోజూ బతిమాలేది. నేను తీయలేదు. ఒక కుక్క నన్ను చూసి భయపడటం నా జీవితంలో అదే మొదలు. కొంచెం గర్వంగా కూడా ఉండేది.

ఆ రోజు పొద్దున్న ఆఫీసుకు బయల్దేరి, తలకు హెల్మెట్‌తో మెట్ల మలుపు తిరిగాను. సొర ఎదురుగా పైకి వస్తోంది. తప్పుకోవడానికి చోటు లేదు. ఇద్దరం ఒకేసారి అరిచాం. మరుక్షణం దాని పళ్లు నా పిక్కలో ఉన్నాయి. పైనుంచి అప్ప ఎలా దిగిందో తెలియదు, కుక్కకూ నాకూ మధ్య చెయ్యి దూర్చి దాన్ని లాగేసింది. తర్వాత నన్ను కుళాయి దగ్గర కూర్చోబెట్టి, సబ్బుతో కాలు కడిగింది, కడిగింది, నేను చాలు బాబోయ్ అన్నా వదలకుండా కడిగింది. ఎడమచేత్తో కడిగింది. కుడిచేతిని పమిటలో చుట్టుకుంది. నా ప్రాణం పోతుంటే ఈవిడ ఒంటిచేత్తో పని కానిస్తోందేమిటని నాకు ఒళ్లు మండింది కూడా.

పెద్దాసుపత్రిలో ఇంజెక్షన్ ఇచ్చారు. సొర కొత్తగా వచ్చిన కుక్క, దానికింకా సూదులు వేయించలేదు. ఆ మాట చెబితే డాక్టరు, "మీరు ఇంజెక్షన్లు ఒక్కటీ మానొద్దు. కుక్కని మాత్రం కట్టేసి పది రోజులు చూడండి. అది బాగుందంటే మీకు ఏ దిగులూ లేనట్టే" అన్నాడు. ఇంజెక్షన్ పడితే చాలని తెలివైనవాడు ఊరుకుంటాడు. నా చెవికి రెండో ముక్క ఒక్కటే ఎక్కింది. ఆ కుక్క బతికితే నేను బతుకుతాను. దారంతా అదే జపం.

ఇంటికి వచ్చేసరికి గేటు దగ్గర ఓనరు చేతులు దులుపుకుంటూ నవ్వుతున్నాడు. స్టీలు ప్లాంటులో పనిచేసి రిటైరైన మనిషి, అద్దెకున్న వాళ్లకి కష్టమొస్తే ఊరుకోలేడు.

"నువ్వేటీ బయపడకు బావా. నీ పీడ వదిలించీసినాను. గోనెలో కట్టి, మూడు సుట్లు తిప్పీసి, ఆటోలో తగరపువలస వంతెన దాటించి వొగ్గీసినాను. ఏరు దాటినాక కుక్క ఎనక్కి రాదు. మా తాతల కాడ్నించి ఉన్న మాట."

"అయ్యో, ఆ కుక్కనే చూస్తుండమన్నాడండీ డాక్టరు! అది బతికుందో లేదో తెలియాలిట."

ఓనరు ముఖంలో నవ్వు ఆరిపోయింది. "మరా ముక్క ముందే సెప్పాల గదేటి?" అన్నాడు నీరసంగా. మా వైపు కుక్క కరిస్తే ఏరు దాటించడమే ఎరిగిన వైద్యం. ఆయన మంచే చేశాడు. ఆ మంచి నా గొంతు మీద కూర్చుంది.

పైకి వెళ్లాను. మార్కెట్ నుంచి అప్పుడే వచ్చిన అప్పకు విషయం తెలిసిపోయింది. ట్యాంకు దగ్గర కూర్చుని ఉంది. చేతిలో చుట్ట ఉంది, వెలిగించలేదు. ఓనరును తిట్టిపోస్తుందనుకున్నాను. "రేపు పొద్దున్నే ఎల్దాం తమ్ముడూ" అంది. నా ప్రాణం కోసం ఈవిడ వ్యాపారం మానుకుని వస్తోందని నాకు కళ్లు చెమర్చాయి. ఆ రాత్రి మాటిమాటికీ లేచి గ్లాసుడు నీళ్లు తాగి చూసుకున్నాను. పిచ్చికుక్క విషం ఎక్కినవాడికి నీళ్లంటే భయం పుడుతుందని విన్నాను. ఒకే పూటలో అది ఎక్కదన్న జ్ఞానం ఉంది గానీ, భయానికి జ్ఞానంతో పనేముంది?

మద్దిలపాలెంలో బస్సు మారి తగరపువలసలో దిగాం. అప్ప వంతెన దాటి హైవే పక్కన నడుస్తూ "సొరా... ఓ సొరా..." అని పిలుస్తోంది. ఎండుచేపలు అమ్మే గొంతు, ఎంత దూరమైనా వెళుతుంది. ఇళ్లలోంచి ఆడవాళ్లు పళ్లేలు పట్టుకుని బయటికి వచ్చారు. "సొర తాజాయేనా అప్పా? ఎలగిత్తన్నావ్?" నాకు ఆ భయంలోనూ నవ్వొచ్చింది. అప్ప నవ్వలేదు. "సేప కాదమ్మా, కుక్క. వీపు మీద బొచ్చుండదు. సూసినారేటి?" అని ఒక్కొక్కరినీ అడిగింది.

చివరికి ఒక పంక్చరు షాపు వాడు చెప్పాడు. "పాడైపోయిన లారీ కిందున్నాది. నిన్నట్నించీ నురగ కక్కతన్నాది. పిచ్చెక్కినాది లాగుంది, మావోలు కర్రలు తేనానికెల్లినారు."

నురగ అన్న మాట విన్నాక నేను మనిషిని కాను. లారీ కింద, చక్రాల చాటున సొర ఉంది. నాలుక వేలాడుతోంది, మూతి చుట్టూ తెల్లటి చొంగ, కళ్లు ఎటో ఉన్నాయి. అప్పను అది గుర్తుపట్టినట్టు కూడా లేదు. "వద్దప్పా, దగ్గరికెళ్లొద్దు" అన్నాను.

అప్ప వినిపించుకోలేదు. ఎండలో, ఆ ఆయిలు మరకల నేల మీద, కుక్క వైపు వీపు పెట్టి కూలబడింది. పమిట విప్పి కుడిచెయ్యి బయటికి తీసింది. సీసాలోంచి అరచేతిలోకి నీళ్లు పోసుకుని, ఆ చెయ్యి వెనక్కి చాపి పెట్టింది. "తాగండి బాబూ" అంది. సొర కదల్లేదు. వేళ్ల సందుల్లోంచి నీళ్లన్నీ కారిపోయాయి. మళ్లీ పోసుకుంది. అప్పుడు చూశాను. అరచేతి నుంచి మణికట్టు దాకా వాచిపోయి ఉంది. దాని మీద పళ్ల గాట్లు. నా కాలి మీద ఉన్నవాటిలాంటివే.

నన్ను విడిపించినప్పుడు పడిన కాటు. కడుక్కుంది గానీ, ఆసుపత్రికి వెళ్లలేదు, ఎవరికీ చెప్పలేదు.

"నీకేమైనా పిచ్చా అప్పా!" అని అరిచాను.

"అరవకు. ఆరు బయపడతారు," అంది, తల తిప్పకుండా. "ఇద్దర్ని కరిసిందంటే పిచ్చికుక్కే అంటారు. గాజువాకలోనే కొట్టి సంపీసీవోరు. అందుకే సెప్పనేదు. ఈరిని సూసుకుని నానూ ఎల్దామనుకున్నాను, ఇంతలోకే..."

ఆ అరచేతిలో నీళ్లు తొణుకుతున్నాయి. కర్రల వాళ్లు దూరంగా వస్తున్నారు. కుక్కలకే కాదు, దేనికీ బెదరని మనిషని నేను అనుకున్న అప్ప, ఆ ఎండలో, నాకు పట్టినట్టే పట్టిన భయంతో కూర్చుని ఉంది. సొర తాగకపోతే ఏమిటో ఆమెకు నాకంటే బాగా తెలుసునని చూడగానే అర్థమైంది.

సొర పొట్ట మీద పాక్కుంటూ వచ్చింది. మూతి పెట్టింది. చప్పుడు చేస్తూ తాగింది. సీసా అయిపోయేదాకా తాగింది. ఎండకూ దాహానికీ పట్టిన చొంగే అది. కర్రల వాళ్లు వచ్చి, కుక్క ఆమె ఒళ్లో తల పెట్టుకోవడం చూసి, గొణుక్కుంటూ వెళ్లిపోయారు.

కుక్కను బస్సెక్కించుకోరు. పంక్చరు షాపులో ఒక తాడు అడిగి సొర మెడకు కట్టి, ఆటో మాట్లాడుకున్నాం. సొర మా ఇద్దరి మధ్య నిలబడి, కాసేపటికి నా బూటు మీద తల పెట్టి పడుకుంది. నేను ఆ కాలు కదపలేదు, తిమ్మిరెక్కినా కదపలేదు. అప్పుడు చెప్పింది అప్ప, రోడ్డు వైపు చూస్తూ.

"మా అన్న ఇలగే పోనాడు తమ్ముడూ. ఆకుపసరు ఏసినారు. బాగయ్యిందనీసి సముద్రం మీదకి కూడా ఎల్లినాడు. తరవాత ఓ రోజు గ్లాసుడు నీల్లిత్తే ఇసిరికొట్టినాడు. పుట్టిన కాడ్నించీ సముద్రం మీదే బతికినోడు, గ్లాసులో నీల్లు సూసి మూలకెల్లి కూకున్నాడు. ఆడు పోనాక ఊర్లో కుక్కలన్నిట్నీ కొట్టి సంపీసినారు. కరిసిందేదో, కరవందేదో ఎవులికీ తెల్దు. నాను పెంచినదాన్ని కూడా."

ఆటోను తిన్నగా పెద్దాసుపత్రికి పోనిమ్మన్నాను. గేటు దగ్గర ఆమె దిగలేదు. సొరను లోపలికి రానివ్వరు, ఒంటరిగా కడితే ఎవరైనా మళ్లీ ఎత్తుకుపోతారని భయం. "నువ్వీ తాడు పట్టుకుంటేనే నాను ఎల్తాను" అంది.

పట్టుకున్నాను. ధైర్యం వచ్చి కాదు. ఆమె లోపలికి వెళ్లకపోతే ఏమవుతుందన్న భయం, కుక్క భయం కంటే పెద్దదైపోయింది. తాడు ఒక కొసన సొర, రెండో కొసన నేను, ఇద్దరం ఒకరినొకరు చూడకుండా, వణుకుతూ, ఆసుపత్రి గోడ పక్కన నిలబడ్డాం. అప్ప చేతికి కట్టుతో, మూతి ముడుచుకుని బయటికి వచ్చేసరికి నా చొక్కా తడిసి ముద్దైంది. "సూది మా సెడ్డదిరా నాయనా. కుక్కే నయం" అంది. ఆ రోజు మొదటిసారి చుట్ట వెలిగించింది.

మర్నాడు పొద్దున్న లేస్తూనే మేడెక్కాను. హెల్మెట్ లేకుండా. "అప్పా, ఒక గ్లాసు నీళ్లు తాగు" అన్నాను. ఎందుకని అడగలేదు. నా కళ్లెదుటే గ్లాసెత్తి గటగటా తాగి, ఖాళీ గ్లాసు వంచి చూపించింది. "మరి నువ్వో?" అంది. నేనూ తాగాను. తర్వాత సొర ముందు గిన్నె పెట్టి, "మీరూ కానీయండి" అంది. అది తాగేదాకా ఇద్దరం ఊపిరి బిగబట్టుకుని చూశాం. అలా రోజూ సాగింది. నవ్వుకోవలసిన పనే అది, కానీ మాలో ఎవరమూ నవ్వలేదు. ఒక పొద్దున్న సొర నిద్రమత్తులో గిన్నె వైపు చూసి తల తిప్పుకుంటే, అప్ప ముఖం తెల్లగా పాలిపోయింది. నేను గోడ పట్టుకున్నాను. కాసేపు ఒళ్లు విరుచుకుని అది తాగింది.

డాక్టరు చెప్పిన గడువు నిండిన రోజు సొర, ఓనరు భార్య ఆరబెట్టిన వడియాల మీద హాయిగా దొర్లింది. ఆవిడ చీపురెత్తితే పారిపోలేదు, తోకాడించింది. అప్ప చూసి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను నీళ్లు తాగి గ్లాసు బోర్లించాను.

"ఇంక భయం లేదప్పా, గండం గడిచిపోయింది. మిగిలిన సూదులు మాత్రం ఎగ్గొట్టకు," అన్నాను.

అప్ప బోర్లించిన గ్లాసు కేసి చూసింది. ఎవరినీ ఏదీ అడిగే మనిషి కాదు. అడగడానికి ఆమెకు కష్టమైంది.

"అయితే రేపట్నించి మేడెక్కవేటి తమ్ముడూ?"

"ఎందుకెక్కను? నాకింకా భయంగానే ఉంది."

"సొరంటేనా?"

"నువ్వు నీళ్లు తాగుతావో తాగవోనని."

ఆమె గ్లాసును నిటారుగా తిప్పి పెట్టింది. "రేపొచ్చి సూసుకో మరి," అంది.

ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ రోజూ వెళ్లి చూసుకున్నాను. తర్వాత ఉద్యోగం మారి మద్దిలపాలెం వచ్చేశాను. మొన్న ఫోన్ పెట్టేసే ముందు, చివరి రోజుల్లో అప్ప మంచినీళ్లు తాగిందా, తాగితే పక్కన ఎవరున్నారు అని ఓనరును అడుగుదామనుకున్నాను. భయమేసి అడగలేదు.